పాఠం చెప్పినంత మాత్రాన సాధన అయిపోదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 38 ఏళ్లు. హనుమకొండలో ఫ్లూట్ నేర్పుతాను. తొమ్మిదో ఏట మొదలుపెట్టి, వరంగల్ సంగీత కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా రెండూ చేశాను. తర్వాత ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి ఒక గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. 26వ ఏట ఆకాశవాణి కళాకారులకు ఇచ్చే గ్రేడుల్లో బి హై (ఎ గ్రేడుకు కింది మెట్టు) వచ్చింది. మంచి సోలో కళాకారుడివి అవుతావని అప్పట్లో అందరూ అన్నారు.

ఇప్పుడు నా దగ్గర 42 మంది పిల్లలు ఉన్నారు. పొద్దున 6 నుంచి 8 దాకా ఎనిమిది మంది అమెరికా పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం 4 నుంచి 9 దాకా ఇంటి దగ్గర, ఆదివారం రోజంతా. పెళ్లిళ్ల సీజన్‌లో రిసెప్షన్లు. నెలకు 50 వేల దాకా వస్తాయి, అందులో 18 వేలు ఆన్‌లైన్ పిల్లలవే. ఇల్లు గడవడానికి లోటు లేదు. కానీ పోయిన ఏడాది చేసిన కచేరీలు రెండే. మొన్న నవరాత్రుల్లో ఒక గుడిలో 40 నిమిషాలు ఇచ్చారు. కల్యాణి రాగం ఎత్తుకున్నాను. మూడు నిమిషాలకే చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పిల్లలకు చెప్పే సంచారాలే, అంటే అవే స్వరాల నడకలే, తిరిగి తిరిగి వచ్చాయి. పైగా నా దగ్గర నేర్చుకునే పదిహేనేళ్ల పిల్లవాడొకడు నాకు రాని కృతులు యూట్యూబ్‌లో విని వాయించేస్తున్నాడు. వాణ్ణి చూస్తే సంతోషంతో పాటు ఇంకేదో కూడా కలుగుతోంది.

రెండేళ్లు పాఠాలు ఆపేసి, హైదరాబాద్‌కు మారి, కచేరీల కోసం గట్టిగా ప్రయత్నిద్దామని ఉంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరు పిల్లలు. ఆమె 'నీ ఇష్టం' అంటోంది గానీ మొహం చూస్తే టెన్షన్ తెలుస్తోంది. ఏం చేయమంటారు? మీ కొడుకు వయసువాణ్ణి, నన్ను నువ్వనే పిలవండి.
— పేరు వేయవద్దన్న ఒక ఫ్లూట్ మాస్టారు, హనుమకొండ

సమాధానం: బిడ్డా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ మూడు నిమిషాల కల్యాణి దగ్గరే ఆగిపోయాను. అది నాకూ జరిగింది గనుక.

నాకప్పుడు 44 ఏళ్లు. ప్రభుత్వ సంగీత పాఠశాలలో ఫ్లూట్ టీచరుగా చేరి పదహారేళ్లు అయింది. కరీంనగర్‌లో కచేరీ. మోహన రాగం ఆలాపన బాగానే వచ్చిందనుకున్నాను, చప్పట్లు కూడా కొట్టారు. తిరుగు బస్సులో నా పక్క సీట్లో మృదంగం వాయించిన పెద్దాయన కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూనే, "ఏందమ్మా, ఇయ్యాల స్టేజీ మీద పాఠం చెప్పినవ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. హుజూరాబాద్ దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఎల్కతుర్తి దగ్గర ఇక ఆగలేక, ఏం తప్పు చేశానో చెప్పమన్నాను. "ప్రతి సంగతీ, అదే ప్రతి స్వరాల పలుకూ, రెండుసార్లు వాయించినవ్. వాయించినంక ఆగినవ్, పిల్లలు తిరిగి వాయిస్తరేమో అన్నట్టు. అక్కడ నీ పక్కన పిల్లలు లేరు గద" అన్నాడు.

ఇంటికొచ్చి రికార్డింగు పెట్టుకుని విన్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రెండుసార్లు వాయించడం, ఆగడం మాత్రమే కాదు, ఊపిరి కూడా చిన్నదైపోయింది. పిల్లవాడి ఊపిరి ఎంత పొడుగు ఉంటుందో అంతే పొడుగు వాక్యాలు. స్వరం స్వరానికీ నాలుకతో తట్టి విడదీయడం. అనుస్వరాలు (పక్క స్వరాల ఛాయలు) లేకుండా, స్వరస్థానం స్పష్టంగా తెలిసేలా నిలబెట్టడం. క్లాసులో ఇవన్నీ మంచి గుణాలే. పిల్లలకు అర్థం కావాలంటే అలాగే వాయించాలి. రోజుకు ఐదు గంటల చొప్పున పదహారేళ్లు అలా వాయిస్తే మాత్రం వేళ్లకూ పెదాలకూ ఇక వేరే దారి తెలియదు.

నీకు నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. పాఠం చెప్పడం సాధన కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఫ్లూటు చేతిలోనే ఉంటుంది కాబట్టి సాధన చేస్తున్నామనే అనుకుంటాం. సాయంత్రానికి పెదాలు కూడా అలిసిపోతాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. వంటమాస్టరు రోజంతా వండుతాడు, తాను తినడానికి కూర్చోడు. మన సంగతీ అంతే.

మన వాద్యంలో ఇది మరీ ఎక్కువ. వీణవాళ్లకు మెట్లున్నాయి. మనకు స్వరం సగం వేలిలో, సగం పెదవిలో. కర్ణాటక వేణువులో పై రెండు రంధ్రాలు మూస్తే షడ్జమం (స). అక్కణ్ణుంచి ఒక్కో వేలూ లేపుతూ పోతే గాంధారానికి (గ) వేళ్లన్నీ లేచిపోతాయి. వెంటనే మధ్యమానికి (మ) అన్నీ మూసుకోవాలి, ఊదే ఒత్తిడి కూడా మారాలి. పిల్లలందరికీ స్వరం చీలేది ఆ గాంధార మధ్యమాల నడుమే. కాబట్టి మాస్టారు అక్కడ ఏం చేస్తాడు? నెమ్మదిస్తాడు. గాంధారం విడిగా, మధ్యమం విడిగా వాయించి చూపిస్తాడు. ఇప్పుడు నీ కల్యాణి గుర్తు తెచ్చుకో. కల్యాణికి ప్రాణమంతా గాంధారం, 'ప్రతి మధ్యమం' అనే పై రకం మధ్యమం, పంచమం (ప) చుట్టూనే ఉంది. ఆ ప్రతి మధ్యమానికి వేలు పూర్తిగా మూయకూడదు, పూర్తిగా లేపకూడదు. నువ్వు రోజూ జాగ్రత్తగా నడిచే చోటే ఆ రాగం నిన్ను పరుగెత్తమంది. నీ దగ్గర సరుకు లేక ఆగావని నేననుకోను. వేళ్లు క్లాసు అలవాటు వదలక ఆగిపోయావు.

ఇక ఆపేయాలా అన్న ప్రశ్న. వద్దు.

ఇది పిరికి సలహా అనుకోకు. ఆ పని నేను చేసి చూశాను. కరీంనగర్ కచేరీ తర్వాత రెండేళ్లకు జీతం లేని సెలవు ఏడాదిపాటు పెట్టి హైదరాబాద్‌లో చిక్కడపల్లిలో గది తీసుకున్నాను. మా నాయన కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. 'ఆడపిల్లకు పిల్లనగ్రోవి ఏమిటి' అని ఊరంతా అన్నప్పుడు నా వెనక నిలబడ్డ మనిషి, ఆయన కూడా ఈసారి నచ్చలేదన్నారు. ఏడాదిలో నాలుగు కచేరీలు వచ్చాయి. అందులో రెండింటికి ఆటో డబ్బులు నావే. దానికన్నా నన్ను కుంగదీసింది ఇంకొకటి. రోజంతా ఖాళీ ఉంటే రోజంతా సాధన చేస్తామనుకున్నాను. చేయలేదు. ఫోన్ కోసం ఎదురుచూశాను. ఫలానా సంగీత సభ కార్యదర్శిని కలవాలి, ఫలానావారి ఇంటికి వెళ్లి కనబడి రావాలి అనే ఆలోచనల్లోనే పొద్దు గడిచిపోయేది. ఖచ్చితంగా సాధన చేసింది ఎంతసేపు అని లెక్క వేస్తే రోజుకు గంటన్నర. ఆ గంటన్నర హనుమకొండలోనే దొరికేది. తిరిగి వచ్చేసరికి నా దగ్గర ఎనిమిదేళ్లు నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు మానేశారు. వాళ్లలో ఒకామె పేరు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

సోలో, గురుత్వం ఒకదానికొకటి శత్రువులైతే మన వాద్యం ఈపాటికి ఉండేదే కాదు. వేణువు కృష్ణుడంత పాతది అంటాం గానీ, కర్ణాటక కచేరీలో నడుమ కూర్చుని ప్రధాన వాద్యంగా వాయించడం మొన్నటి మాట. కుంభకోణం శరభశాస్త్రి గారు 1872లో పుట్టారు. చూపు లేదు. ఆయన వేణువును కచేరీ వాద్యంగా నిలబెట్టి, 1904లో 32 ఏళ్లకే పోయారు. ఆ చిన్న ఆయుష్షులోనే పల్లడం సంజీవరావు వంటి శిష్యుణ్ణి తయారు చేశారు. లేకపోతే ఆయనతోనే ఆ దారి మూసుకుపోయేది. తర్వాత మాలి. టి.ఆర్. మహాలింగం అంటే కొత్త పిల్లలకు తెలియదు, మాలి అంటే ఫ్లూటు పట్టుకున్న ప్రతివాడికీ తెలియాలి. ఏడేళ్ల వయసులో కచేరీ చేశారు. వేళ్లు మూసే తీరునూ ఊదే తీరునూ మార్చి, గాత్రంలోని గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, వేణువులో పలికేలా చేశారు. ఇవాళ మనం వాయించేది ఆయన వేసిన బాటలోనే. ఆయన శిష్యులు ఎన్. రమణి పొడుగు ఫ్లూటును కచేరీలకు తెచ్చారు, దేశదేశాలు తిరిగి వాయించారు, చెన్నైలో వేణు విద్యాలయం నడిపి ఎంతోమందిని తయారు చేశారు. సిక్కిల్ కుంజుమణి, నీలా అక్కచెల్లెళ్ల జంట వేణువు రేడియోలో వినే నేను ఈ వాద్యం పట్టుకున్నాను. మా ఊళ్లో ఆడవాళ్లు వాయించకపోయినా తమిళదేశంలో వాయిస్తున్నారు గదా అని మా నాయనకు చూపించడానికి వాళ్లే దొరికారు.

నీకు వీళ్లందరికన్నా పనికొచ్చేది హిందుస్తానీ వేణు విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా గారి కథ. అలహాబాద్‌లో పహిల్వాన్ ఇంట 1938లో పుట్టారు. 1957లో కటక్ రేడియోలో ఉద్యోగం. తర్వాత బొంబాయి, సినిమా రికార్డింగులు. చేతినిండా పని, పేరు, డబ్బు. అప్పుడు వెళ్లి సుర్‌బహార్ విద్వాంసురాలు అన్నపూర్ణాదేవి గారిని నేర్పమని అడిగారు. అంతకుముందు నేర్చుకున్నదంతా పక్కన పెట్టి మొదటి నుంచీ మొదలుపెడితేనే అన్నారామె. మొదటి నుంచీ మొదలుపెడుతున్నానని తనకు తానే గుర్తు చేసుకోవడానికా అన్నట్టు, ఆయన ఫ్లూటు పట్టే వైపే మార్చేశారు, కుడి నుంచి ఎడమకు. పేరొచ్చాక పెదవికి అలవాటైన వైపు మార్చుకోవడమంటే ఏమిటో నీకు నేను చెప్పనక్కర లేదు. పని మాత్రం ఆపలేదు. తర్వాత ముంబైలో, భువనేశ్వర్‌లో గురుకులాలు పెట్టి పాఠాలు చెప్పారు.

నీకు గురువు పోయి తొమ్మిదేళ్లయిందని ఒక వాక్యంలో రాసి వదిలేశావు. నా లెక్కలో నీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే. తొమ్మిదేళ్లుగా నిన్ను 'ఇది బాగాలేదు' అన్నవాళ్లు ఒక్కరూ లేరు. 42 మంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అందరూ 'సార్ సూపర్' అనేవాళ్లే. నెలకు రెండుసార్లయినా ఎవరి ముందైనా కూర్చో. వేణువు విద్వాంసుడే కానక్కర లేదు. నేనైతే గాత్రం వాళ్ల దగ్గరికే వెళ్లమంటాను. నీ మంచికోరి ముక్కు మీద గుద్దినట్టు చెప్పే పెద్ద గాయని దొరికితే ఇంకా మంచిది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రెండు గంటల చిల్లర ప్రయాణం. నువ్వు ఆరేళ్లు తిరిగిన దారే. దానికి ఇల్లు మారాల్సిన పనేముంది?

ఇక రోజు సంగతి. నీ రోజులో అన్నిటికన్నా విలువైనది పొద్దున 6 నుంచి 8. పెదాలు తాజాగా ఉంటాయి, చెవి నిద్రలేచి ఇంకా ఏ అపస్వరమూ వినలేదు. ఆ రెండు గంటలూ నువ్వు నెలకు 18 వేలకు అమ్ముకున్నావు. తప్పు పట్టడం లేదు, ఆ రేటుకు నేనైనా అమ్మేదాన్నేమో. కానీ వాటిని తిరిగి కొనుక్కోవాలి. శనివారం మన సాయంత్రం వాళ్లకు శనివారం పొద్దున, స్కూలుండదు. ఎనిమిది మందినీ అటు మార్చు. ఇద్దరు ముగ్గురు కుదరదని మానేస్తారు. మానేయనీ. (ఆన్‌లైన్‌లో నువ్వు, పిల్లవాడు కలిసి వాయించలేరు, శబ్దం ఆలస్యంగా వస్తుంది. పైగా మనం నిలబెట్టిన పొడుగు స్వరాన్ని వీడియో క్లాసు యాప్ ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తుంది. ఒరిజినల్ సౌండ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, పెట్టుకున్నావో లేదో చూసుకో. మా మనవడు చెప్పేదాకా నాకూ తెలియదు.)

శనివారం సాయంత్రం వచ్చే ఇక్కడి పిల్లలను ఏం చేయాలంటావు. నీ దగ్గర తొలి పాఠాలైన సరళీ వరుసల్లో, జంటల్లో ఉన్నవాళ్లు సగం మందైనా ఉంటారు. వాళ్లను ఎనిమిదేసి మందిని కలిపి కూర్చోబెట్టు. డిగ్రీ చదివే సీనియర్ శిష్యుడెవరైనా ఉంటే వారానికి రెండు రోజులు వాడికి అప్పగించు, జీతం ఇవ్వు. ఊరికే చేయించుకోకు. పై పాఠాలైన వర్ణాలు దాటినవాళ్లను మాత్రం విడివిడిగా నువ్వే చూడు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత తలుపు మూసెయ్యి.

ఆ తిరిగి కొనుక్కున్న పొద్దుల్లో ఏం చేయాలి? మొట్టమొదట, క్లాసులో వాడే ఫ్లూటు ముట్టుకోకు. పిల్లలతో ఐదు శ్రుతి వాయిస్తావు కదా, నీ సాధన రెండున్నర మీదో మూడు మీదో పెట్టుకో. చేతిలోకి వేరే ఫ్లూటు రాగానే, వేళ్ల ఎడం మారగానే క్లాసు మనిషి పక్కకు తప్పుకుంటాడు. నాకు ఇది చాలా పనిచేసింది. మొదటి అరగంట మంద్ర స్థాయిలోనే, కింది స్వరాల్లోనే ఉండు. మంద్ర పంచమం, మంద్ర ధైవతం (ద) నెమ్మదిగా, నిండుగా, తంబురాలో కలిసిపోయేదాకా. పిల్లలతో మనం మధ్య స్థాయి దాటి కిందికి దిగం, అందుకే పాఠాలు చెప్పే మాస్టార్లందరికీ మంద్రం బోలుగా ఉంటుంది. తర్వాత నెలకు ఒక రాగం, ఒక్కటే. కల్యాణితోనే మొదలుపెట్టు, పరువు పోయిన చోటే. ఒక నియమం: వాయించిన సంగతి మళ్లీ వెంటనే వాయించకూడదు. నాలుక తట్టడం కూడా కొన్నాళ్లు మానెయ్యి. ఫోన్‌లో రికార్డు చేసుకో, అదే రోజు వినకు, మూడో రోజు విను.

గాత్రం ఎక్కువ విను, వేణువు తక్కువ విను. కృతి వాయించే ముందు పాడు, గొంతు బాగుండకపోయినా సరే. మనకు దేవుడిచ్చిన లాభం ఒకటుంది. త్యాగరాజస్వామి రాసింది మన భాషలో. మాట ఎక్కడ విరుగుతుందో మనకు తెలుసు. ఊపిరి మాట నడుమ తీసుకుంటే వినేవాడికి ఎందుకో తెలియకుండానే ఇబ్బందిగా ఉంటుంది. చాలామంది తెలుగు ఫ్లూటువాళ్లు సాహిత్యం చూడకుండా స్వరం రాసుకుని వాయించి, పదాన్ని అడ్డంగా కోసేస్తారు. వినేవాళ్లలో ఆ కృతి తెలిసిన ఒక్క ముసలమ్మ ఉన్నా పట్టేస్తుంది.

ఇక్కడే ఆ పదిహేనేళ్ల పిల్లవాడి సంగతి చెప్పాలి. 'ఇంకేదో' అని రాశావు. అది అసూయ బిడ్డా, పేరు పెట్టి పిలువు, కాస్త తగ్గుతుంది. నాకూ ఒకమ్మాయి మీద కలిగింది. నేను చేసిన తప్పు ఏమిటంటే ఆమెను ఆర్నెల్లు పాత వర్ణాల మీదే తిప్పాను, 'పునాది గట్టిపడాలి' అని. పునాది ఎప్పుడో గట్టిపడింది, నాకు తెలుసు. నువ్వలా చేయకు. వాడు యూట్యూబ్‌లో పట్టుకున్న కృతిని వాడి చేతే నీకు చెప్పించుకో. వాడికి సాహిత్యం రాదు, పందెం. మాటలూ, అర్థమూ, ఊపిరి ఎక్కడ తీయాలో నువ్వు చెప్పు, సంగతులు వాడు చెబుతాడు. నెలకో కృతి ఇద్దరికీ వస్తుంది. తర్వాత కచేరీలో పక్కన కూర్చోబెట్టుకుని సహకార వేణువు వాయించనివ్వు. 16 నుంచి 24 ఏళ్లవాళ్లకు ఆకాశవాణి సంగీత పోటీలు పెడుతుంది. 18 దాటాక కేంద్ర ప్రభుత్వ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. దాన్ని చూసే కేంద్ర సంస్థ సీసీఆర్టీ ప్రకటనలు ఏటా చూస్తూ ఉండమని వాళ్ల నాన్నకు చెప్పు. వాణ్ణి ఇంకా పెద్ద గురువు దగ్గరికి పంపాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు ఉత్తరం నువ్వే రాసి పంపు, వాడు నీకు చెప్పకుండా వెళ్లే పరిస్థితి తెచ్చుకోకు.

రిసెప్షన్ల మీద నాకు పెద్ద వ్యతిరేకత లేదు. ఆ డబ్బు రైలు టికెట్లకూ గురుదక్షిణకూ పనికొస్తుంది. ట్రాక్ పెట్టుకుని సినిమా పాటలు గట్టిగా ఊది ఊది పెదవి మొద్దుబారుతుంది, అంతే ఇబ్బంది. సీజన్‌లో నెలకు రెండు చాలు. మరునాడు పొద్దున మంద్ర సాధన ఇంకో పావుగంట ఎక్కువ పెట్టు.

కచేరీలు ఎలా వస్తాయి అంటావా. రావు. వరంగల్‌లో కూర్చున్నవాడికి సభల నుంచి కబురు రాదు, ఇది నిష్ఠూరమైన మాటే. మనది జాయపసేనాని నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాసిన కాకతీయుల ఊరు, పోతన పుట్టిన బమ్మెర పక్కనే ఉంది, 1213లో కట్టిన రామప్ప గుడిలో వేణుగోపాలుడి శిల్పాన్ని వేలితో తడితే సరిగమలు పలుకుతాయని గైడ్లు చెబుతారు. ఆ పేర్లు చెప్పి కుర్చీలు నింపలేం. కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరిచారు, చూడ్డానికి ఎంతో బాగుంది, కానీ అంత పెద్ద హాలు నీకిప్పుడు వద్దు. సగం ఖాళీ హాలులో వాయించడం కన్నా నిండిన గది మేలు. గుడిలో నవరాత్రి కచేరీలు వదులుకోకు గానీ, అక్కడ మైకులో అన్నదానం ప్రకటనల నడుమ రాగం విస్తరించడం ఎవరి వల్లా కాదు. నీ మూడు నిమిషాల కల్యాణిలో కొంత పాపం ఆ మైకుది కూడా అయ్యుంటుంది.

నీ ఇంటి మేడ మీద నెలకోసారి, మొదటి ఆదివారం సాయంత్రం కూర్చో. ఒంటిగంటకు తలుపు మూసేస్తావు కదా, ఆ సాయంత్రానికి. సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే కుర్రవాణ్ణి ఒకణ్ణి పిలువు, వాడికీ వేదిక కావాలి, ఖర్చులకు ఎంతో కొంత ఇవ్వు. ముప్పావు గంట. పిల్లలు ఆ రోజు వాయించకూడదు, వినాలి. ఇది గట్టిగా పట్టుకో, లేకపోతే రెండో నెలకే అది స్టూడెంట్స్ ప్రోగ్రామ్ అయిపోతుంది, తల్లిదండ్రులు వాళ్ల పిల్లవాడి వంతు అయ్యాక లేచిపోతారు. ఇరవై మంది వస్తే చాలు. కృతి వాయించే ముందు అందులో రాసినాయన ఏం చెప్పాడో రెండు వాక్యాల్లో చెప్పు. మన దగ్గర జనం భాగవతం విన్నవాళ్లు, ఒగ్గుకథ రాత్రంతా కూర్చుని విన్నవాళ్లు. కథ తెలిస్తే రాగం వింటారు. మేడ మీద కచేరీలో రాగం ఆలాపన తప్పనిసరి, నెలనెలా ఆ నెల సాధన చేసిన రాగమే. ఏడాదికి పన్నెండు కచేరీలు. పోయిన ఏడాది నీవి రెండు.

ఆ పన్నెండూ అయ్యాక ఆకాశవాణి ఎ గ్రేడుకు దరఖాస్తు పెట్టు. ఇప్పుడే పెట్టకు. బి హై ఎక్కడికీ పోదు. పన్నెండు నెలల రికార్డింగులు నీ దగ్గర ఉంటాయి, ఏ రాగంలో నీకు మాట సాగుతుందో అప్పటికి నీకే తెలుస్తుంది.

మీ ఆవిడ 'నీ ఇష్టం' అన్నదంటే ఇష్టం లేదని. లెక్కలు కాగితం మీద వేసి చూపించు: ఆన్‌లైన్ పిల్లల్లో ముగ్గురు పోతే ఎంత తగ్గుతుంది, సీనియర్ కుర్రాడి జీతం ఎంత, గురువుగారికి ఎంత. నెలకు పది వేలకు లోపే తేడా ఉంటుందని నా అంచనా. ఆ తేడా ఎన్నాళ్లు భరించగలరో ఆమెనే చెప్పనీ. మేడ మీద కచేరీకి కాఫీలు పెట్టే పని కూడా ఆమె నెత్తినే వేయకు, ఆ విషయంలో నా అనుభవం వేరే ఉత్తరం అవుతుంది.

చివరగా ఒక చిన్న సంగతి, నీ ప్రశ్నలో లేనిది. సాధన ఫ్లూటును స్కూటీ డిక్కీలో పెట్టకు. మన ఎండలకు వెదురు నిలువునా చీలుతుంది. నాదొక మంచి మూడు శ్రుతి ఫ్లూటు మే నెలలో అలాగే పోయింది. ఏసీ హాలులో వాయించాల్సి వస్తే పదిహేను నిమిషాల ముందే వెళ్లి ఊదుతూ కూర్చో. చల్లగా ఉంటే శ్రుతి దిగుతుంది, తంబురా పెట్టాక కంగారు పడతావు.

మేడ మీద మొదటి ఆదివారం అయ్యాక నాకు రాయి. ఎంతమంది వచ్చారో అక్కర లేదు. కల్యాణి ఎన్ని నిమిషాలు వాయించావో, ఎక్కడ ఆగిపోయావో రాయి. రికార్డింగు కూడా పంపితే వింటాను, కానీ మూడో రోజు దాకా నువ్వు వినకు.